చలిజ్వరము – శరీర రక్షణ శక్తి – టీకా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



చలిజ్వరము పేరు వినని పల్లె తెలుగునాట లేదు. ఎండ కాయుచుండగనే రోగికి వెన్నులో చలి పుట్టును. దుప్పటి కప్పుదురు, దానిపై గొంగళి కప్పుదురు, ఇంటివారు పైనపడి అదిమి పట్టినను వణకు ఆగదు. కొంతసేపటికి ఒళ్ళు పెనమువలె కాలును. ఆ పిదప చెమటలు పోసి జ్వరము దిగును. మరునాడు రోగి లేచి తిరుగును. ఇంటివారు గండము గడచినదనుకొందురు. మూడవనాడు మరల అదే చలి, అదే జ్వరము. ఇట్లు నెలల తరబడి బాధపడిన పిల్లవాని మొగము పాలిపోవును. కడుపులో బల్ల పెరుగును.

ఇది మన్యపు నీటి దోషమని కొందరు, చెడుగాలి సోకినదని కొందరు, గ్రామదేవత ఆగ్రహమని కొందరు పూర్వము తలంచుచుండిరి. ఇటలీ దేశస్థులు పెట్టిన ‘మలేరియా’ అను పేరునకును చెడుగాలి అనియే అర్థము. గాలి నిర్దోషి యని తేలుటకును, అసలు దోషిని పట్టుటకును, దానిని ఎదిరించు శక్తి శరీరమునకు ఎట్లు కలుగునో గ్రహించుటకును, ఆ శక్తిని టీకా రూపమున పసిబిడ్డల కందించుటకును నూట నలుబది యేండ్లు పట్టినది. ఈ సుదీర్ఘ ప్రయత్నమునుండి తేలిన సత్యమొకటి కలదు. మశూచికమువంటి వ్యాధిలో శరీరము ఒక్కసారి పోరాడి శాశ్వత విజయము పొందును. మలేరియా విషయమున అట్టి విజయము లేదు. అందు లభించు రక్షణ కొంచెము కొంచెముగా వచ్చునది, ఏమరినచో పోవునది. శరీరమునకును ఇదే నియమము; శాస్త్రమునకును ఇదే నియమము; దేశమునకును ఇదే నియమము. ఈ సంగతి తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరము.

1880వ సంవత్సరము నవంబరు 6వ తేదీన ఆల్జీరియా దేశమందలి కాన్‌స్టాంటైన్ నగరములో ఆల్ఫాన్సు లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరపీడితుడైన యొక సిపాయి రక్తపు బొట్టును సూక్ష్మదర్శినిలో పరిశీలించుచుండెను. ఆ బొట్టులో సన్నని పోగులవంటి అవయవములతో కదలుచున్న ప్రాణి యొకటి ఆయన కంటబడెను. మలేరియాకు కారణము గాలి గాక, రక్తములో నివసించు ఒక సూక్ష్మజీవి యని ఆనాడు తేలినది. అయితే ఆ క్రిమి ఒకరి రక్తమునుండి మరియొకరి రక్తములోనికి ఎట్లు ప్రవేశించును? దోమల కిందు పాత్ర యుండునని లండను వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఊహించెను. ఆ ఊహకు రుజువు దొరికిన స్థలము తెలుగుగడ్డపైననే కలదు.

అల్మోరాలో జన్మించిన రొనాల్డు రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడు. 1897వ సంవత్సరపు వేసవి పిదప ఆయన సికిందరాబాదు కంటోన్మెంటునకు చేరువనున్న బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో దోమలను కోసి పరీక్షించుచుండెను. ఉక్కపోత దుర్భరముగా నుండెడిది. పంకా ఊపించినచో కోసిన దోమల ముక్కలు గాలికి కొట్టుకొనిపోవును గనుక ఆయన పంకా లేకయే పనిచేసెను. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. హుసేన్ ఖాన్ అను జ్వరరోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలము పుచ్చుకొని, దోమలకు తన రక్తము నిచ్చుటకు ఒప్పుకొనెను. రెక్కలపై మచ్చలు గల ఒక జాతి దోమ ఆ రక్తము త్రాగినది. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడలో నల్లని రేణువులు గల కణములను రాస్ కనుగొనెను. ఆ రేణువులు మలేరియా క్రిమిలో తప్ప అన్యత్ర లేవని ఆయనకు తెలియును. దొంగ దాగిన ఇల్లు దొరికినది.

మరుసటి యేడు కలకత్తాలో ఆయన పక్షుల మలేరియాను పరిశోధించి, క్రిమి దోమ కడుపునుండి దాని లాలాజల గ్రంథులకు చేరుననియు, కుట్టినప్పుడు అక్కడినుండి క్రొత్త ప్రాణి శరీరములో ప్రవేశించుననియు నిరూపించెను. అదే 1898వ సంవత్సరమున ఇటలీలో గ్రాస్సీయు ఆయన సహచరులును మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ జాతి దోమ వ్యాపింపజేయునని రుజువు చేసిరి. రాస్‌కు 1902లోను, లావెరాన్‌కు 1907లోను నోబెల్ బహుమతులు లభించినవి. బేగంపేటలోని ఆ భవనము రాస్ పేరిట నేటికిని నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని లోకమంతయు దోమల దినముగా పాటించుచున్నది. హుసేన్ ఖాన్‌కు ఏ బహుమతియు లేదు. కాని ఆతని రక్తము లేనిదే ఆ రుజువు లేదు. మలేరియా పరిశోధన చరిత్రలో అట్టి సామాన్యులు అడుగడుగున కనబడుదురు.

ఈ క్రిమి జీవితము బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరును తలపించును. ఫకీరు ఎన్ని రూపములనైన ధరింపగలడు. ఈ క్రిమియు అట్టిదే. దోమ కుట్టినప్పుడు చర్మములోనికి వచ్చునవి సూదిమొనలవంటి సన్నని క్రిములు. వీనిని శాస్త్రజ్ఞులు స్పోరోజోయిట్లు అందురు. వీని సంఖ్య స్వల్పము. పదులలోనో వందలలోనో యుండును. ఇవి రక్తములో ప్రవేశించి కొద్దిసేపటిలోనే కాలేయమును చేరి దాగికొనును. ఈ కాలేయపు రహస్యము 1948 వరకు బయటపడలేదు. ఆ సంవత్సరము లండనులో షార్టు, గార్న్‌హామ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దానిని వెల్లడించిరి. ఒక్కొక్క క్రిమి కాలేయములో దాదాపు వారము దినములుండి వేలకొలది క్రిములుగా పెరుగును. అంతవరకు రోగికి బాధ యేమియు తెలియదు.

పిదప కాలేయపు కణము పగిలి ఆ సేన రక్తములో పడును. అప్పటికి దాని రూపము వేరు. ప్రతి క్రిమియు ఒక ఎఱ్ఱ రక్తకణములో దూరి, దానిని తిని, పెరిగి, రెండు దినములలో దానిని పగులగొట్టుకొని వెలువడును. లక్షలాది కణములు ఒక్కసారి పగిలినప్పుడు కలుగునదే ఆ చలి, ఆ జ్వరము. దినము విడచి దినము జ్వరము వచ్చుటకు కారణమిదియే. కొన్ని క్రిములు మూడవ రూపము ధరించి, మరల దోమ వచ్చి త్రాగువరకు రక్తములో వేచియుండును. దోమ కడుపులో వీని సంయోగము జరిగి కథ మరల మొదటికి వచ్చును.

ఈ క్రిములలో రెండు జాతులు తెలుగుదేశపు ప్రజలకు మిక్కిలి పరిచితములు. మొదటిది వైవాక్స్. ఇది ప్రాణములు తీయుట అరుదు. కాని కాలేయములో నిద్రాణముగా నుండి, నెలలు గడచిన పిదప మేల్కొని మరల జ్వరము తెచ్చును. రెండవది ఫాల్సిపారమ్. ఇది ప్రవేశించిన రక్తకణములు సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొనును. మెదడులోని నాళములు ఇట్లు పూడుకొన్నప్పుడు రోగి తెలివి తప్పి, తగిన చికిత్స లేనిచో మరణించును. ప్రపంచములోని మలేరియా మరణములలో అత్యధిక భాగము దీనివలననే కలుగుచున్నవి.

ఇక శరీర రక్షణశక్తి సంగతి. అమ్మవారు పోసి కోలుకొన్న వానికి మరల పోయదని మన పెద్దలు అనుభవముచే ఎరుగుదురు. ఆ రోగమునకు శరీరము నేర్చిన పాఠము జీవితాంతము నిలుచును. ఆ ఆధారముతోనే మశూచికపు టీకా పుట్టినది. 1980 నాటికి ఆ వ్యాధి భూమిపై లేకుండ పోయినట్లు ప్రకటన వెలువడినది. మలేరియా అట్లు కాదు. ఒకే మనిషికి అది పదిసార్లు, ఇరువదిసార్లు వచ్చును. అయినచో శరీరము ఏమియు నేర్చుకొనుట లేదా?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానము జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ చెప్పెను. 1899, 1900 సంవత్సరములలో ఆయన జావాలోను, న్యూగినీలోను గ్రామములు తిరిగి రక్తపరీక్షలు చేసెను. జ్వరము విస్తారముగా గల ఊళ్ళలో పసిపిల్లల రక్తములో క్రిములు మెండుగా నుండెను. పెద్దవారిలో అవి అరుదుగా కనబడెను. ఆ నేలపై పుట్టి, మరల మరల జ్వరము పడి బ్రతికినవారికి ఒక విధమైన రక్షణ లభించుచున్నదని ఆయన గ్రహించెను.

తరువాతి పరిశోధకులు ఈ రక్షణ స్వభావమును ఇంకను స్పష్టపరచిరి. బిడ్డ పుట్టినప్పుడు తల్లినుండి కొంత రక్షణ వచ్చును. అది కొన్ని నెలలలో తరిగిపోవును. అప్పటినుండి సుమారు ఐదేండ్ల వయస్సు వరకు బిడ్డకు గడ్డుకాలము. ఒక్కొక్క జ్వరము ఒక్కొక్క పాఠము. మొదట ప్రాణాపాయమునుండి రక్షణ కలుగును. పిదప జ్వరతీవ్రత తగ్గును. పెద్దవాడగునప్పటికి క్రిములు రక్తములో కొలదిగా నున్నను పనిపాటలు చేసికొనగలుగును. కాని క్రిములు పూర్తిగా నశింపవు. అట్టివాడు ఊరు విడచి మలేరియా లేని నగరమునకు పోయి కొన్నియేండ్లు గడపి తిరిగివచ్చినచో మరల జ్వరమున పడును. తొలిచూలు గర్భవతికిని ఇట్టి ఆపదయే కలదు. మావిలో అంటుకొను క్రిములను ఆమె శరీరము అంతకుముందు ఎరుగదు గనుక, బాల్యములో సంపాదించిన రక్షణ ఆమెకు అక్కరకు రాదు. ఈ శక్తి బావినీరువంటిది కాదు. కుండలో పోసికొన్న నీరువంటిది. పోయుచున్నంతకాలమే నిండుగా నుండును.

ఈ శక్తి శరీరములో ఎక్కడ కలదో తెలుపు ప్రయోగము 1961లో ప్రకటితమైనది. ఆఫ్రికా ఖండములోని గాంబియా దేశమున కోహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టన్ అను శాస్త్రజ్ఞులు, పెక్కుసార్లు మలేరియాకు గురియై తట్టుకొన్న పెద్దవారి రక్తమునుండి ప్రతిరక్షక పదార్థములను వేరుచేసి, జ్వరముతో బాధపడుచున్న పిల్లలకు సూదిమందుగా నిచ్చిరి. కొన్ని దినములలోనే ఆ పిల్లల రక్తములో క్రిములు చాల తగ్గిపోయినవి. మలేరియా లేని ఇంగ్లండు దేశస్థుల రక్తమునుండి తీసిన అదే విధమైన పదార్థము అట్టి ఫలితము నీయలేదు. పెద్దలు పడిన జ్వరముల అనుభవము వారి రక్తములో నిలిచియున్నదనియు, దానిని ఒకరినుండి మరియొకరికి ఇయ్యవచ్చుననియు ఇందువలన ఋజువైనది.

మరియొక విధమైన రక్షణ పుట్టుకతోనే వచ్చును. ఎఱ్ఱ రక్తకణములు కొడవలి ఆకారము పొందు ఒక వంశపారంపర్య లక్షణము కలదు. తల్లిదండ్రులిద్దరినుండియు అది సంక్రమించినచో బిడ్డకు ఘోరమైన వ్యాధి. ఒకరినుండి మాత్రమే వచ్చినచో బిడ్డ సాధారణముగా ఆరోగ్యవంతుడుగ నుండుటయే గాక, ప్రాణాంతకమగు మలేరియానుండి చాలవరకు తప్పించుకొనును. కొన్ని రక్తలక్షణములు మలేరియా కారణముననే మనుష్యజాతిలో నిలిచియుండునని హాల్డేన్ 1949లో సూచించెను. కొడవలి కణముల విషయమున దానిని ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో నిరూపించెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ఏజెన్సీ గిరిజనులలోను ఈ లక్షణము కలదు. మలేరియా ఎంత ప్రాచీనమైన శత్రువో, మనుష్యుడు దానితో ఎట్టి కఠినమైన బేరము చేసికొనవలసివచ్చెనో దీనివలన తెలియుచున్నది.

పై సంగతులను చూచినచో టీకా ఏల ఆలస్యమైనదో బోధపడును. ఈ క్రిమికి రూపములు పెక్కు. ఒక రూపమును ఎదిరించు ప్రతిరక్షకములు వేరొక రూపమును గుర్తింపవు. ఫాల్సిపారమ్ జాతికి సుమారు 5,300 జన్యువులున్నవని 2002లో తేలినది. అందు సుమారు 60 జన్యువులు రక్తకణపు పైభాగమున తొడుగుకొను ముసుగులను తయారుచేయును. శరీరము ఒక ముసుగును గుర్తించుసరికి క్రిమి మరియొకటి తొడుగుకొనును. పిల్లలు పెక్కేండ్లు బాధపడి పొందు రక్షణలో అధికభాగము ఈ ముసుగులను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకొనుటయే.

మాయల ఫకీరు ఎన్ని రూపములు దాల్చినను వాని ప్రాణము చిలుకలో నుండెను గదా! మలేరియా క్రిమికిని అట్టి బలహీనస్థానము ఎక్కడ కలదో చూపినది రూత్ నుస్సెన్జ్‌వైగ్ అను శాస్త్రజ్ఞురాలు. ఆమె 1928లో వియన్నా నగరమున జన్మించి, బాల్యములోనే నాజీల బాధకు స్వదేశము విడచి కుటుంబముతో బ్రెజిలుకు పోయి, అక్కడ వైద్యవిద్య నభ్యసించి, పిదప న్యూయార్కులో పనిచేసెను. 1967లో ఆమె దోమలలోని స్పోరోజోయిట్లను ఎక్స్‌కిరణములకు గురిచేసి, అట్లు నిర్వీర్యములైన క్రిములను ఎలుకలకు ఎక్కించెను. ఆ క్రిములు కాలేయము వరకు పోగలవుగాని అక్కడ పెరుగలేవు. ఆ పిదప అవే ఎలుకలకు బలమైన క్రిములను ఎక్కించినను వానిలో పెక్కింటికి వ్యాధి సోకలేదు. క్రిమి సేనగా మారకమునుపే, కొలదిమందిగా వాకిట నిలిచినప్పుడే పట్టుకొనవచ్చునని తేలినది.

1973లో అమెరికాలో డేవిడ్ క్లైడ్ బృందము ఇదే పద్ధతిని మనుష్యులపై పరీక్షించినది. క్లైడ్ స్వయముగా ఆ దోమలచేత కుట్టించుకొనెను. రక్షణ కలిగినది; కాని అందుకు ఒక్కొక్కరికి వందలకొలది దోమలు పలుమారులు కుట్టవలసివచ్చెను. లోకములోని పిల్లలందరికి అట్లు చేయుట అసాధ్యము గనుక, క్రిమి దేహములో ఏ భాగము ఈ రక్షణ నిచ్చుచున్నదో వెదకుట ప్రారంభమైనది. స్పోరోజోయిట్ ఒంటినంతయు కప్పియుండు ఒక మాంసకృత్తు రూత్, ఆమె భర్త విక్టర్, వారి సహచరుల కృషివలన 1980వ ప్రాంతమున గుర్తింపబడినది. 1984లో దాని జన్యువు తెలిసినది. అంతట దోమలతో పని లేకుండ ఆ మాంసకృత్తును ప్రయోగశాలలో తయారుచేయు మార్గము తెరచుకొన్నది.

1987లో బెల్జియము దేశమందలి ఒక మందుల సంస్థలోని శాస్త్రజ్ఞులు, అమెరికా సైనిక పరిశోధనశాల యగు వాల్టర్ రీడ్ వారును కలిసి ఈ మాంసకృత్తు ముక్కను కామెర్ల టీకాలోని ఒక మాంసకృత్తుతో జోడించి ఆర్‌టీఎస్,ఎస్ అను టీకాను నిర్మించిరి. 1997లో వెలువడిన ప్రయోగఫలితము చిత్రమైనది. ఒకే టీకాను మూడు వేర్వేరు ఉత్తేజక ద్రవ్యములతో కలిపి మూడు జట్లకు ఇచ్చి, పిదప క్రిములు గల దోమలచే కుట్టించిరి. మొదటి జట్టులో ఎనిమిదిమందికి ఒక్కడే తప్పించుకొనెను. రెండవదానిలో ఏడుగురికి ఇద్దరు. మూడవదానిలో ఏడుగురికి ఆరుగురు. ఆ మూడవ జట్టు మందులో చిలీ దేశపు ఒక చెట్టు బెరడునుండి తీసిన నురుగుపదార్థము కలదు. మన కుంకుడుకాయలో నురుగు నిచ్చు పదార్థమును ఇదే తరగతికి చెందినది. శత్రువును చూపిన మాత్రమున చాలదు. శరీరమును గట్టిగా తట్టి లేపవలెనని దీని తాత్పర్యము.

2009 నుండి 2014 వరకు ఏడు ఆఫ్రికా దేశములలో 15,000 మందికి పైగా శిశువులపై ఈ టీకాను పరీక్షించిరి. ఐదు నెలలు దాటిన పిల్లలకు నాలుగు మోతాదులిచ్చినప్పుడు, సుమారు నాలుగేండ్ల కాలములో మలేరియా జ్వరములు నూటికి 36 వంతున తగ్గినవి. రక్షణ మొదటి నెలలలో హెచ్చుగా నుండి క్రమముగా తగ్గెను. పొంగు, ధనుర్వాతముల టీకాలతో పోల్చినవారికి ఇది స్వల్పముగ తోచినది. కాని లెక్కను వేరొక విధముగ చూడవలెను. అక్కడి బిడ్డకు ఏడాదికే పలుమారులు జ్వరము వచ్చును. ఆ కాలములో టీకా పొందిన ప్రతి వేయిమంది పిల్లలకు 1,774 జ్వరములు తప్పినవి. పంటనంతయు కాపాడలేని కంచె అయినను, మూడవవంతు పంటను నిలిపినదానిని రైతు తీసి పారవేయడు గదా!

2019లో మలావి, ఘానా, కెన్యా దేశములలో ఈ టీకాను గ్రామములకు తీసికొనిపోయిరి. పిల్లలకు వేయు ఇతర టీకాలతోపాటు తల్లులు దీనిని కూడ వేయించిరి. 2021 అక్టోబరు 6వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసినది. మనుష్యునకు సోకు ఒక పరాన్నజీవిపై ఆ సంస్థ సిఫారసు పొందిన మొదటి టీకా యిదియే. టీకా అందిన ప్రాంతములలో, ఆ వయస్సు పిల్లలలో ప్రమాదములవలన కలిగినవి తప్ప తక్కిన మరణములన్నియు కలిపి లెక్కింపగా నూటికి 13 వంతున తగ్గినట్లు తేలినది. 2024 జనవరిలో కామెరూన్ దేశము దీనిని శిశువుల నిత్య టీకాలలో చేర్చినది.

ఇంతలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు అదే మార్గమున ఆర్ 21 అను రెండవ టీకాను రూపొందించిరి. దానిని పుణే నగరములోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేయుచున్నది. 2023 అక్టోబరు 2వ తేదీన దీనికిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు లభించినది. వానకాలపు జ్వరములు గల ప్రాంతములలో, ఋతువునకు ముందుగా మూడు మోతాదులిచ్చినప్పుడు, మొదటి యేడు జ్వరములు నూటికి 75 వంతున తగ్గినవి. మొదటి టీకా తయారీని హైదరాబాదులో కేంద్రము గల భారత్ బయోటెక్ సంస్థకు అప్పగించు ఏర్పాటు 2021 జనవరిలో వెల్లడియైనది. ఏ నగరపు చేరువను దోమ కడుపులో క్రిమి మొదట కనబడెనో, ఆ నగరపు సంస్థకే ఆ క్రిమిపై టీకా చేయు బాధ్యతయు వచ్చినది.

అయితే టీకా వచ్చినదని దోమతెర మడిచి అటక మీద పెట్టవచ్చునా? దీనికి సమాధానము బుర్కినా ఫాసో, మాలి దేశములలో దొరికినది. అక్కడ దాదాపు 6,000 మంది పిల్లలను మూడు జట్లుగా విభజించి, కొందరికి వానకాలములో ముందుజాగ్రత్త మందు మాత్రమే ఇచ్చిరి; కొందరికి టీకా మాత్రమే; కొందరికి రెండును. 2021లో వెలువడిన ఫలితము ప్రకారము మందు ఒక్కటి, టీకా ఒక్కటి ఇంచుమించు సమానముగ పనిచేసినవి. రెండును పొందిన పిల్లలలో మాత్రము జ్వరములును, ఆసుపత్రికి చేర్పవలసిన తీవ్ర వ్యాధియు, మరణములును ఎంతయో తగ్గినవి. ఒక కావలివాడు కునుకు తీసినప్పుడు రెండవవాడు మేల్కొనియుండును.

ఏమరుపాటువలన కలుగు నష్టమును తెలిసికొనుటకు ఆఫ్రికాకు పోనక్కరలేదు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతదేశములో ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మంది మలేరియా పడుచుండిరనియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. ఇండ్ల గోడలకు డీడీటీ చల్లించిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. వ్యాధి పోయినదని అందరును తలంచిరి, నిఘా సడలినది, దోమలు మందునకు అలవాటుపడినవి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలకు పెరిగినది. మందు చల్లువారు, రక్తము పరీక్షించువారు మరల ఊరూర తిరుగవలసివచ్చెను. ఆ పట్టుదల ఫలితముగ 2015లో 11 లక్షలకు పైగా నున్న రోగుల సంఖ్య 2023లో సుమారు 2 లక్షల 27 వేలకు తగ్గినట్లు ప్రభుత్వపు లెక్క. 2030 నాటికి వ్యాధిని దేశమునుండి తొలగింపవలెనని సంకల్పము. 1965 నాటి పాఠమును మరువని పక్షముననే ఆ సంకల్పము నెరవేరును.

ప్రపంచమున పరిస్థితి ఇంకను శోచనీయము. 2023లో 26 కోట్ల 30 లక్షల మలేరియా జ్వరములు, 5 లక్షల 97 వేల మరణములు కలిగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మరణములలో నూటికి 95 ఆఫ్రికా ప్రాంతములోనివి. అక్కడ చనిపోయినవారిలో నాల్గింట మూడువంతులు ఐదేండ్లు నిండని పసివారు. శరీరము పాఠము నేర్చుకొనువరకు బ్రతుకజాలని బిడ్డలు వీరు. వారు ప్రాణములొడ్డి నేర్వవలసిన పాఠమును సూదిమొనపై వారి కందించుటయే టీకా చేయు పని.

తెలుగునాటి గృహస్థులు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. ఇప్పటికి వచ్చిన రెండు టీకాలును ఫాల్సిపారమ్ జాతిపై మాత్రమే, అదియు పసిపిల్లల కొఱకే ఉద్దేశింపబడినవి. నిద్రించి మేల్కొను వైవాక్స్‌పై అవి పనిచేయవు. కావున చలితో జ్వరము వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయించుట మొదటి పని. వైవాక్స్ అని తేలినచో కాలేయములో దాగిన క్రిమిని చంపుటకు వైద్యుడు పదునాలుగు దినముల మందు నిచ్చును. మూడవనాటికే జ్వరము తగ్గినదని ఆ మందు మానినవాడు నిద్రించుచున్న పామును ఇంటిలోనే యుంచుకొన్నవాడగును. నీరు నిలువ యుండు గుంటలు, తొట్లు ఇంటిచుట్టు లేకుండ చూచుట, దోమతెరలో పండుకొనుట, మందు చల్లువారు వచ్చినప్పుడు తలుపు తెరచుట అందరికిని సాధ్యమైన పనులే.

బేగంపేట ఆసుపత్రిలో అణా పుచ్చుకొన్న హుసేన్ ఖాన్, గాంబియాలో తమ రక్తమిచ్చిన పేరులేని పెద్దలు, తమ బిడ్డలను పరీక్షకు తీసికొనివచ్చిన ఆఫ్రికా తల్లులు, వీరిలో పెక్కురు ఏ గ్రంథమును చదివినవారు కారు. కాని వారిచ్చిన దానినుండి పుట్టిన జ్ఞానము నేడు గ్రంథములలో కలదు. దానిని ఇరువదియైదేండ్లుగా ఊరివారి ముంగిటికి తెచ్చుచున్న ఈ గ్రంథాలయము ధన్యమైనది. చదువ నేర్చినవారు ఈ సంగతులను చదువరాని ఇరుగుపొరుగువారికి వినిపింతురుగాక! చలికి వణకుచున్న బిడ్డను చూచిన తల్లి చెడుగాలి సోకినదని దిగులుపడి కూర్చుండక, ఆనాడే రక్తపరీక్షకు తీసికొనిపోవునుగాక! అప్పుడే ఈ గ్రంథాలయపు శ్రమ ఫలించినట్లు.